పాము పెట్టెలో ఏం పరచాలి?

ప్రశ్న: మాది కావలి. మా బావ చెన్నైలో ఉద్యోగం మానేసి వస్తూ తన పెంపుడు పాము బాల్ పైథాన్‌ని నాకిచ్చాడు. ఏడాదిన్నర వయసు. గాజు పెట్టెలో పెట్టాను. బావ ఇచ్చిన చెక్క పొట్టు అయిపోయింది. ఇక్కడ సామిల్లులో రంపపు పొట్టు ఊరికే ఇస్తామంటున్నారు, రైస్‌మిల్లులో ఊకకి కరువే లేదు, అమ్మేమో పెన్నా ఇసుక పరిస్తే శుభ్రంగా ఉంటుంది కదా అంటోంది. పోయినసారి కుబుసం ముక్కలు ముక్కలుగా వచ్చింది, అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ఏది వాడమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ ప్రశ్నలో చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న పాము కుబుసం మేజోడు విప్పినట్టు ముక్కు నుంచి తోక దాకా ఒకే ముక్కగా రావాలి. ముక్కలుగా వచ్చిందంటే చాలావరకు పెట్టెలో తేమ చాలలేదనే. ఒకసారి ఆ ముక్కలన్నీ పరిచి కళ్ళ మీది పొరలు వచ్చాయో లేదో చూడండి. అవి కంటికే అతుక్కుని ఉంటే గోటితో గీకొద్దు, పాముల్ని చూసే పశువైద్యుడికి చూపించండి.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. అక్కడ పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది. బయట నేల ఎండి పగిలినా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది, మన పుట్టలూ అంతే. మనం కింద పరిచేది ఆ లోపలి చెమ్మని నిలబెట్టాలి, కానీ పాము పొట్ట తడిసిపోకూడదు. ఈ రెండూ చేయగలిగేది మన జిల్లాలో చవగ్గా దొరికేది ఒకటే, కొబ్బరి. నర్సరీల్లో హస్క్ చిప్స్ అని కొబ్బరి డొక్కల ముక్కలు అమ్ముతారు, కోకోపీట్ ఇటుకలూ (కొబ్బరి పీచు పొడిని అచ్చుపోసినవి) ఉంటాయి. నేనైతే రెండూ సగం సగం కలిపి వాడతాను. ఉత్త కోకోపీట్ ఎండితే దుమ్ము లేస్తుంది, ఉత్త ముక్కలు నీటిని ఎక్కువసేపు పట్టుకోలేవు.

ఒక్క జాగ్రత్త, కోకోపీట్‌లో ఉప్పు ఉండొచ్చు. రాత్రి నానబెట్టి పొద్దున పిండి, మళ్ళీ మంచినీళ్ళలో నానబెట్టి పిండండి, వచ్చే నీళ్ళలో రంగు బాగా తగ్గేదాకా. మీ వైపు సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరునీళ్ళే ఉప్పగా ఉంటాయి కాబట్టి, ఆ నీళ్ళతో కడిగి లాభం లేదు. తర్వాత నీడలో ఆరనివ్వండి. గుప్పెట్లో గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి, చుక్క నీరు మాత్రం కారకూడదు. అప్పుడు రెండు మూడు అంగుళాల మందాన పరచండి. తేమ తగ్గినప్పుడు పైన స్ప్రే కొట్టేకంటే మూలల్లో కొద్దిగా నీళ్ళు పోయండి, అవి అడుగుకి దిగుతాయి, పైపొర పొడిగా ఉంటుంది. చాలామంది రోజూ పైన స్ప్రే కొట్టి కొట్టి పాము పొట్ట కింద పొలుసులు ఎర్రబడి పుండు పడేదాకా తెచ్చుకుంటారు.

తేమ కొలిచే డిజిటల్ మీటరు ఒకటి కొని పెట్టెలోనే ఉంచండి. 60 శాతం నుంచి తగ్గకుండా చూసుకోండి, కుబుసం ముందు కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడతాయి కదా, అప్పుడు 70 దాటినా మంచిదే. మేలో పడమటి గాలి కొట్టేటప్పుడు, గదిలో ఏసీ వేసినప్పుడు పొట్టు తొందరగా ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో దీనికి ఎదురు, నీళ్ళు పోయడం దాదాపు మానేయాలి, లేకపోతే బూజు పడుతుంది.

ఇక మీరడిగిన మూడూ. రంపపు పొట్టు వద్దే వద్దు. సామిల్లులో ఆ రోజు కోసింది వేపో, టేకో, జామాయిలో ఎవరికి తెలుసు, అన్నీ ఒకే కుప్పలో పడతాయి. దేవదారులాంటి ఘాటు వాసన చెక్కల్లోని నూనెలు పాములకి విషంలాంటివి. పైగా ఆ సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే, పాము మనలా దగ్గి బయటికి తోసేయలేదు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా డాక్టరుకి చూపించడానికి ఆలస్యం చేయకండి.

ఊక గురించి నేను అనుభవంతో చెప్తున్నాను. కోళ్ళకి పరుస్తారు కదా అని నా మొదటి పాముకి అదే పరిచాను. మేత మింగేటప్పుడు ఒక ఊక గింజ పంటి చిగురులో గుచ్చుకుని నోరు వాచింది, తగ్గడానికి నెలన్నర పట్టింది. అన్నాళ్ళూ అది తిండి ముట్టలేదు, ఆ బాధ నాకు ఇంకా గుర్తుంది. ఇసుక అయితే తేమని నిలపదు, నోట్లోకీ పొలుసుల సందుల్లోకీ దూరుతుంది, ఎక్కువ మింగితే పేగుకి అడ్డం పడుతుంది. అమ్మకి ఈ సంగతి చెప్పండి, ఆమె చెప్పిన శుభ్రం మాట మాత్రం నిజమే, రెట్ట పడ్డ చోట ఆ రోజే తీసేయాలి, నెలా రెండు నెలలకి మొత్తం మార్చాలి.

కొబ్బరి సిద్ధమయ్యేదాకా పాత న్యూస్‌పేపర్లు వేయండి, ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే తేమ నిలవదు, కాబట్టి ఒక ప్లాస్టిక్ డబ్బాకి గుమ్మం కోసి లోపల స్ఫాగ్నమ్ మాస్ (నర్సరీల్లో దొరికే ఎండు నాచు) తడిపి పెడితే పాము కుబుసానికి అందులోకి వెళ్తుంది.

ఇంకో పని. 2022 సవరణ తర్వాత బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవాలు వన్యప్రాణి చట్టంలోకి వచ్చాయి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. చేతులు మారినా తెలపాలి. బావ నమోదు చేశాడా, మీ పేరుకి మార్చాడా అని ఈ వారమే అడగండి.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి కార్న్ స్నేక్ పెట్టెలో నల్లటి చుక్కల్లాంటి పురుగులు కనిపిస్తున్నాయి, నీళ్ళ గిన్నెలోనూ తేలుతున్నాయి. పాము ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటోంది. కొబ్బరి పొట్టు వల్లేనా? వేపాకు కలిపితే పోతాయా?

జవాబు: అమ్మా, మీరు చెప్పిన గుర్తులన్నీ పాము పేలకే సరిపోతాయి. అవి రక్తం పీల్చేవి, కొబ్బరి వల్ల పుట్టినవి కావు, కొత్త పాముతోనో వేరే పెట్టె సామానుతోనో వచ్చి ఉంటాయి. పొట్టు మొత్తం సంచిలో కట్టి ఇంటి బయట పారేయండి. పెట్టెని వేడినీళ్ళు, సబ్బుతో మూలమూలా కడిగి, ఆరాక తెల్ల టిష్యూ పేపరు మాత్రమే వేయండి. తెల్లటి కాగితం మీద ఒక్క చుక్క కదిలినా తెలిసిపోతుంది. వేపాకు తడిలో కుళ్ళి బూజు తెస్తుంది తప్ప పనికిరాదు. బొద్దింకల స్ప్రే అసలు కొట్టొద్దు, పురుగుల కంటే ముందు పామే పోవచ్చు. మందు డాక్టరు చెప్పిందే వాడండి. పేలు పూర్తిగా పోయాక కొబ్బరి వేసుకోవచ్చు, కానీ కార్న్ స్నేక్‌కి 40 నుంచి 60 శాతం తేమ చాలు కాబట్టి బాగా ఆరబెట్టి వేయండి.

ప్రశ్న: మా చేలో జెర్రిపోతు పిల్ల దొరికింది, బకెట్‌లో పెట్టాం. పెంచుకోవాలంటే ఏం పరచాలి?

జవాబు: ఏమీ పరచకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన పాముల్ని ఇంట్లో పెంచకూడదు. పైగా అది జెర్రిపోతే అని అంత నమ్మకంగా అనుకోవద్దు, నాగుపాము పిల్లని చూసి పొరపడ్డవాళ్ళు ఉన్నారు. మళ్ళీ చేతితో తాకకుండా బకెట్‌కి గాలి ఆడే మూత బిగించి, పిల్లల్ని దూరంగా ఉంచి, చీకటి పడకముందే అటవీశాఖకి ఫోన్ చేయండి. ఎక్కడ దొరికిందో ఆ గట్టు చూపించండి, అక్కడికి దగ్గర్లోనే వదులుతారు.