ఒకే కేబుల్‌తో రెండు బ్యాండ్ల బీమ్ యాంటెన్నా
హ్యామ్ రేడియోలో (లైసెన్స్‌తో నడిపే అభిరుచి రేడియో) వాడే 2 మీటర్లు, 70 సెంటీమీటర్లు అనే రెండు బ్యాండ్లకీ ఒకే కేబుల్‌తో బీమ్ (సిగ్నల్‌ని ముఖ్యంగా ఒక దిక్కుకే పంపే యాంటెన్నా) ఇంట్లో చేసుకోవచ్చా అని ఒకరు అడిగారు. హాయిగా చేసుకోవచ్చు. నేను విజయవాడలో మా మేడ మీద పీవీసీ పైపుకి అల్యూమినియం కడ్డీలు బిగించి చేశాను. 145 మెగాహెర్ట్జ్‌కి, అంటే 2 మీటర్ల బ్యాండ్‌కి, డైపోల్ (కేబుల్ కలిపే అసలు కడ్డీ) దాదాపు 98 సెంటీమీటర్లు, మధ్యలో కోసి కేబుల్ అక్కడే కలపాలి. దాని ముందు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో 33 సెంటీమీటర్ల కడ్డీని కేబుల్ తగలకుండా ఊరికే పెడితే చాలు, 435 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో, పని అదే చూసుకుంటుంది. వెనక రిఫ్లెక్టర్ (సిగ్నల్‌ని ముందుకి తిప్పే కడ్డీ) డైపోల్ కంటే 5 శాతం పొడవు, ముందు డైరెక్టర్లు (సిగ్నల్‌ని ముందుకి నడిపే కడ్డీలు) కొంచెం పొట్టి. అన్నీ కాస్త పొడవుగానే కోయండి, తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపేది) చూస్తూ ఆకురాయితో మిల్లీమీటర్ చొప్పున తగ్గించుకోవచ్చు, పొట్టిగా తెగితే మళ్లీ అతకలేం. రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే స్టేషన్) కోసమైతే కడ్డీలు నిలువుగా ఉండాలి. ట్రాన్స్‌మిట్ చేసే ముందు లైసెన్స్ తప్పనిసరిగా తీసుకోండి.