లాబ్రడార్‌కు స్నానం ఎన్నాళ్లకొకసారి?

ప్రశ్న: మా మూడేళ్ల లాబ్రడార్‌కు వారానికి రెండుసార్లు మేము వాడే షాంపూతోనే స్నానం చేయిస్తున్నాం. అయినా వానాకాలం మొదలైనప్పటి నుంచి ఒళ్లంతా గోక్కుంటోంది, పొట్టు రాలుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: శుభ్రత కోసం మీరు పడుతున్న శ్రమే కొంత ఇబ్బంది తెచ్చిపెడుతూ ఉండవచ్చు. మన చర్మానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, కుక్క చర్మం దాదాపు తటస్థం. అందువల్ల మన షాంపూ దానికి సరిపడదు, పైగా తరచూ స్నానం చేయిస్తే చర్మాన్ని కాపాడే సహజమైన నూనె పోతుంది. నెలకొకసారి, కుక్కల షాంపూతో చాలు. లాబ్రడార్‌కు పైవెంట్రుకల కింద దట్టమైన మరో పొర ఉంటుంది కనుక, పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి నిలిచి పుండ్లు పడతాయి. తువ్వాలుతో మొదలంటా తుడిచి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. చెవుల వెనుక, వేళ్ల సందుల్లో గోమార్లున్నాయేమో రోజూ చూడండి. దురద తగ్గకపోయినా, వెంట్రుకలు గుండ్రంగా ఊడినా పశువైద్యుడికి చూపించండి.