ఎస్ పక్కనే ఎ

చిరంజీవి తమ్ముడికి,

పదహారు పేజీల కథ ఒక్క కీ తప్పు నొక్కడంతో పోయిందని రాశావు. మొదటి కీతో పోయి ఉండదు నాయనా, ఆ తర్వాత కంగారులో నొక్కినదానితో పోయి ఉంటుంది.

నా సంగతే చెప్తాను. ఓ రాత్రి అధ్యాయం ముగించి, సేవ్ చేద్దామని అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టబోయి పక్కనున్న ఎ నొక్కాను. ఫైలంతా సెలెక్ట్ అయిపోయింది. నేను తెర చూడట్లేదు, నోట్సు చూస్తున్నాను. తర్వాతి వాక్యం మొదలుపెట్టగానే ముప్పై పేజీలు పోయి, తెల్లటి తెర మీద ఒక్క ‘అ’ మిగిలింది. అప్పుడు కంట్రోల్ జెడ్, అంటే అన్‌డూ, కొట్టి ఉంటే అంతా వెనక్కి వచ్చేది. నేను టెన్షన్‌లో ఫైలు మూయబోయాను. మార్పులు సేవ్ చేయాలా అని అడిగింది. రోజూ అనే మాటే కదా, అవునన్నాను. ఫైలు మూసేశాక చాలా ప్రోగ్రాముల్లో అన్‌డూ పనిచేయదు.

అందుకే తెర మీద ఏదైనా మాయమైతే ముందు రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసెయ్. సేవ్ చేయకు, మూయకు. తర్వాత నెమ్మదిగా కంట్రోల్ జెడ్.

అన్‌డూతోనూ జాగ్రత్త. పాత పేరా ఎలా ఉండేదో చూద్దామని చాలా వెనక్కి వెళ్తాం. అక్కడ పొరపాటున ఒక్క స్పేస్ కొట్టినా, కంట్రోల్ వైతో మళ్లీ ముందుకు వచ్చే దారి పోతుంది. సాయంత్రమంతా రాసింది అలా పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

పేరాలు జరిపేటప్పుడు నేను కట్ వాడను. కట్ చేసింది అతికించకముందే ఇంకోటి కాపీ చేస్తే మొదటిది పోయినట్టే. కాపీ చేసి, కొత్తచోట అతికించి, చూసుకున్నాకే పాతది తీసేస్తాను. విండోస్‌లో 2018 నుంచి క్లిప్‌బోర్డ్ హిస్టరీ, అంటే కాపీ చేసినవాటి జాబితా, ఉంది. విండోస్ కీతో పాటు వి నొక్కి ఒకసారి ఆన్ చేసుకుంటే, అప్పట్నుంచి కాపీ, కట్ చేసినవాటిలో చివరి 25 దాకా కనిపిస్తాయి. షిఫ్ట్ డిలీట్ అలవాటు మాత్రం మానుకో, ఆ ఫైలు రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు.

వర్డ్‌లో రాస్తున్నదాన్ని తనంతట తానే దాచిపెట్టే ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకోసారి పనిచేస్తుంది. నేను 1కి తగ్గించుకున్నాను. కానీ అది ముఖ్యంగా కంప్యూటర్ ఆగిపోయినప్పుడు ఆదుకోవడానికి. మన చేత్తో మనం సేవ్ చేసిన ‘అ’ నుంచి కాపాడుతుందని నమ్ముకోకు. అందుకే రోజూ రాయడం మొదలుపెట్టే ముందు ఆ రోజు తేదీతో ఫైలుకి నకలు తీసుకుంటాను. ఫోల్డరు చూస్తే చిందరవందరగా ఉంటుంది, ఉండనీ. పదేపదే చెయ్యి తగిలే షార్ట్‌కట్‌లుంటే వర్డ్ ఆప్షన్స్‌లోని కీబోర్డ్ సెట్టింగుల్లో తీసేయొచ్చు, నేను రెండు తీసేశాను.

పోయిన నెల అభిప్రాయం కోసం నువ్వు పంపిన చిత్తుప్రతి నా మెయిల్‌లో ఉంది, జతచేస్తున్నాను. అందులో ఏడు పేజీలే ఉన్నాయి. మిగతా తొమ్మిదీ ఇవాళే కూర్చుని రాయి. సంభాషణలు ముందు రాసుకో, రేపటికి మాటలు మారిపోతాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య