యాప్‌లో వైద్యం: వివరాలు బయటికి పొక్కితే ఎవరిని అడగాలి?

ప్రశ్న: నేను చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. మా అమ్మగారు నెల్లూరులో ఉంటారు; ఆవిడకు మధుమేహంతో పాటు నిద్రలేమి కూడా ఉంది. ఒక ఆరోగ్య యాప్ ద్వారా బెంగళూరు వైద్యుడితో వీడియోలో మాట్లాడించి, ఫీజు నేనే చెల్లించాను. ఆయన నిద్రకు రాసిన అల్ప్రజోలమ్ అనే మందును మందుల షాపువారు ఇవ్వలేదు. అది చాలదన్నట్టు కొద్ది రోజులకే షుగరు ప్యాకేజీలు, బీమా అంటూ అమ్మగారికి ఫోన్లు మొదలయ్యాయి. అడిగితే యాప్ వారు ‘మీరే అంగీకరించారు’ అంటున్నారు. వేరే రాష్ట్రంలోని వైద్యుడు ఇలా చూడటం చెల్లుతుందా? మేము ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: చెల్లుతుంది. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన వైద్యుడు దేశంలో ఎక్కడి రోగికైనా సలహా ఇవ్వవచ్చు. అయితే మందుల చీటీ మీద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరున్న వైద్యుల్నే చూపించే బాధ్యత యాప్ నడిపేవారిదే.

మందు విషయంలో షాపువారిని తప్పుపట్టకండి. అల్ప్రజోలమ్ ఎన్‌డిపిఎస్ చట్టం (మత్తు, మనోప్రభావ పదార్థాల నియంత్రణ చట్టం) జాబితాలో ఉన్న మందు. అటువంటివాటినీ, షెడ్యూల్ ఎక్స్ మందులనూ (కఠిన నియంత్రణ ఉన్న మరో జాబితాలోనివి) దూరం నుంచి రాయకూడదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నిద్ర సమస్యకు అమ్మగారిని నెల్లూరులోనే ఒక వైద్యుడికి నేరుగా చూపించండి. రాసిన వైద్యుడి మీద ఆయన రిజిస్టరైన రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు గానీ, మందు చేతికే రాలేదు కనుక దాని మీద నష్టపరిహారం కోసం తిరగడం దండగని నా అభిప్రాయం.

మీ అసలు బలం రెండో విషయంలో, అంటే వివరాలు బయటికి పొక్కడంలో ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి మీరు వినే ఉంటారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చినా, సమ్మతికీ, సమాచారం చెరిపివేతకూ సంబంధించిన ముఖ్య భాగాలకు 18 నెలల గడువు పెట్టారు. అందాకా మీకు అక్కరకు వచ్చేవి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలో, సున్నితమైన సమాచారాన్ని కాపాడటంలో నిర్లక్ష్యానికి పరిహారం ఇప్పించే 43ఎ సెక్షను, దాని కింద 2011లో చేసిన నియమాలు. ఆరోగ్య స్థితి, వైద్య చరిత్ర అనేవి ఈ నియమాల్లో సున్నితమైన సమాచారం కిందికి వస్తాయి. వాటిని సేకరించడానికి రాతపూర్వక సమ్మతి, ఇతరులకు ఇవ్వడానికి ముందస్తు అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఒప్పందంలోనే ఉంటే చాలునన్న మినహాయింపు కూడా ఉంది, యాప్ వారు పట్టుకుని వేలాడేది దాన్నే. కాబట్టి మీరు ఒప్పుకున్న షరతుల ప్రతిని ముందు దింపుకుని, ‘వైద్య సలహా కోసం’ అన్నారా, ‘భాగస్వాముల ప్రచారం కోసం’ అన్నారా అని చదవండి. మొదటిది మాత్రమే ఉంటే వారి వాదన నిలవడం కష్టం. రెండోది ఉన్నా, ఇచ్చిన సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకునే హక్కు ఉంది.

సమ్మతి అమ్మగారిది కనుక ఆవిడ పేరుతోనే యాప్ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు పంపండి: సమ్మతి ఉపసంహరించుకుంటున్నామనీ, వివరాలు ఎవరెవరికి ఇచ్చారో చెప్పాలనీ రాయండి. ఆయన నెల లోపల పరిష్కరించాలి. ఫోన్లు వచ్చిన నంబర్లు, తేదీలు రాసిపెట్టుకోండి. ఎక్కువమంది చేయనిదీ, కేసు చివరకు ఆధారపడేదీ ఇదే. చికిత్స రికార్డులు కూడా అడగండి. అడిగిన 72 గంటల్లో వైద్యుడు ఇవ్వాలి.

జవాబు రాకపోతే, సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఫీజు చెల్లించింది మీరే కనుక, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చెన్నైలోనే కేసు వేయవచ్చు, బెంగళూరు వెళ్లనక్కరలేదు. గడువు రెండేళ్లు. 43ఎ కింద పరిహారమే కావాలంటే రాష్ట్ర ఐటీ కార్యదర్శి హోదాలో ఉండే న్యాయనిర్ణయాధికారిని ఆశ్రయించాలి. ఈలోగా ఫోన్ల బెడద తగ్గడానికి అమ్మగారి నంబరు నుంచి, అక్కరలేని ప్రచార కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909కు ఫిర్యాదు నమోదు చేయించండి.