సమాధానం: తక్కువ ఖర్చులో రకరకాల వాచీలు

తక్కువ ఖర్చులో వాచీల్లో వెరైటీ ఎలా తేవాలని అడిగారు. మీ మూడు వాచీలూ నల్ల డయలు, స్టీలు చైను ఉన్న డైవర్లే (నీళ్లలో మునిగేవాళ్ల కోసం చేసే రకం) అన్నారు. నాలుగోది కూడా డైవరే కొంటే పెట్టె నిండుతుందే తప్ప వెరైటీ రాదండీ.

ముందు ఒక డిజిటల్ తీసుకోండి. కాసియో ఎఫ్-91డబ్ల్యూ 1989లో వచ్చింది, ఇప్పటికీ దొరుకుతోంది. బరువు 21 గ్రాములే, బ్యాటరీ దాదాపు 7 ఏళ్లు వస్తుంది. తర్వాత తెల్ల డయలు, తోలు పట్టీ ఉన్న పల్చటి క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచే ముళ్ల వాచీ) ఒకటి. ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా, చేతి కదలికతోనే కీ ఎక్కే వాచీ) మీద మోజుంటే సీకో 5 చూడండి, కానీ ఒక్కటి చాలు. అవి పెరిగేకొద్దీ సర్వీసింగ్ ఖర్చూ పెరుగుతుంది, పైగా రెండ్రోజులు పెట్టుకోకపోతే ఆగిపోతాయి.

నన్నడిగితే అసలు కిటుకు పట్టీల్లోనే ఉంది. వాచీని వెనక్కి తిప్పి, పట్టీ దిగే రెండు కొమ్ముల మధ్య వెడల్పు స్కేలుతో కొలవండి. మీవి 20 మిల్లీమీటర్లయితే ఇకపై కొనేవీ అదే కొలతలో చూసుకోండి, ఒక్కో పట్టీ అన్నిటికీ తిరుగుతుంది. చైను తీసి ముదురాకుపచ్చ నైలాన్ పట్టీ వేసి చూడండి, అదే వాచీ అంటే నమ్మబుద్ధి కాదు! స్ప్రింగ్ బార్ (పట్టీని వాచీకి పట్టి ఉంచే చిన్న పుల్ల) తీసే పనిముట్టు మాత్రం కొనుక్కోండి, చాకుతో తీస్తే కేసు మీద గీతలు పడతాయి.