బ్యాగు ఆఖర్న కొను

చిన్నా,

నాలుగు రోజుల ట్రెక్‌కి 18 కిలోలు సర్దానని రాశావు. కొత్తలో చాలామందిది ఇంతే. తేలిక బ్యాగు కొంటానన్నావే, ఆ పని మాత్రం ఆపు. ముందు వంటింటి కాటా బయటికి తియ్యి.

ఒక్కో వస్తువునీ విడిగా తూచి గ్రాముల్లో రాసుకో. టెంటు మేకులూ, చార్జర్ వైరూ వదలకు. తిండి, నీళ్లు, గ్యాస్ పక్కనపెట్టి మిగతాది కూడితే వచ్చేది బేస్ వెయిట్. 9 కిలోల లోపుంటే నీకు చాలు. 4.5 కిలోల లోపుకి దిగేవాళ్లూ ఉన్నారు గానీ, వాళ్ల దగ్గర ఒక్కో వస్తువు రెండు పనులు చేస్తుంది. గాలివానలో దాన్ని వాడటం చేతికి అలవాటై ఉండాలి. ఇప్పుడే ఆ జోలికి పోకు.

బేస్ వెయిట్‌లో పెద్ద వాటా టెంటు, పడక, బ్యాగు, ఈ మూడింటిదే. ఇద్దరు వెళ్తుంటే టెంటు ఒకటే చాలు. ఒకరు గుడ్డ మొయ్యండి, ఇంకొకరు కర్రలూ మేకులూ. పైసా ఖర్చు లేదు. స్లీపింగ్ బ్యాగు మీద కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి), లిమిట్ (ఎలాగో ఓర్చుకోగల చలి) అని రెండు ఉష్ణోగ్రతలుంటాయి. కంఫర్ట్ చూసి కొను. లిమిట్ నమ్ముకుంటే రాత్రంతా వణుకుడే. మ్యాట్ మానేస్తాననకు. నీ ఒంటి కింద నలిగిన స్లీపింగ్ బ్యాగులో గాలి నిలవదు కాబట్టి నేల చలిని ఆపేది మ్యాటే.

బ్యాగు ఆఖర్న ఎందుకంటావా? మిగతా సామాను తగ్గాకే ఎన్ని లీటర్లది కావాలో తెలుస్తుంది. ఫ్రేమ్ (వీపు వైపు ఉండే గట్టి చట్రం) లేని తేలిక బ్యాగులో 13 కిలోలు కుక్కితే బరువు నడుము మీదికి దిగదు, భుజాలు కోసుకుపోతాయి. మరీ పెద్దది కొన్నావా, అది నిండేదాకా చెయ్యి ఊరుకోదు.

బట్టలు ఒంటిమీద ఒక జత, పడుకోడానికి పొడిగా ఒక జత. మేజోళ్లు ఒక జత ఎక్కువ పెట్టుకో. కాటన్ వద్దు, తడిస్తే ఓ పట్టాన ఆరదు.

గట్టి ప్లాస్టిక్ లీటరు బాటిల్ ఖాళీగానే దాదాపు 180 గ్రాములు. కొన్న నీళ్లతో వచ్చే పల్చటి బాటిల్ 40 కూడా ఉండదు. అసలు బరువు నీళ్లదే: లీటరుకి కిలో. నీళ్లు దొరికే చోట్లు మ్యాప్‌లో గుర్తు పెట్టుకో, మధ్య దూరానికి సరిపడా నింపుకో. శుద్ధి చేసే మాత్రలు మర్చిపోకు.

వాన జాకెట్, వెచ్చటి జాకెట్, హెడ్‌ల్యాంప్, మందులు, మ్యాప్. వీటి మీద కత్తెర పెట్టకు. మందులు మాత్రం సీసాలతో కాదు, మాత్రల స్ట్రిప్పుల్లోంచి సరిపడా కత్తిరించి పెట్టుకో, పేరూ గడువు తేదీ ఉన్న ముక్క పోకుండా.

తిరిగొచ్చాక సామానంతా దుప్పటి మీద పరిచి, వాడనివి పక్కకి తియ్యి. ఆపదకి ఉంచుకున్నవి తప్ప మిగతావి మళ్లీ బ్యాగెక్కకూడదు.

తూచిన పట్టీ పంపు. బ్యాగు సంగతి అప్పుడు చూద్దాం.

బాబాయి