కొత్త మెటల్ డిటెక్టర్ కొన్న అల్లుడికి మావయ్య రాసేది

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను, మెషీన్ ఫోటో కూడా చూశాను, బాగుంది. ఈ శనివారమే ఆ పాత ఊరు ఉన్న పొలానికి పట్టుకుపోతానన్నావు చూడు, అక్కడే నాకు అభ్యంతరం. వెళ్లొద్దు అనట్లేదు, ఈ శనివారం వద్దంటున్నా. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు, నీకు పెద్ద మెసేజ్‌లంటే చిరాకని తెలుసు కానీ ఇది ఫోన్‌లో చెప్తే సగం వింటావు.

ముందు ఆ చోటు సంగతి. గడ్డిలో ఎత్తుపల్లాలుగా కనపడుతున్నాయని రాశావు కదా, అవి ఇళ్ల పునాదులు, మధ్యలో లోతుగా గాడిలా ఉన్నది పాత వీధి, పక్కన అలల్లా ఉన్నవి అప్పటి దుక్కి సాళ్లు. మధ్యయుగంలో జనం వదిలేసిన ఊళ్లు ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీసెస్టర్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి, కొన్ని చోట్ల భూస్వాములు గొర్రెల మేత కోసం ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించారు. ఇలాంటివాటిలో చాలా వాటిని షెడ్యూల్డ్ మాన్యుమెంట్, అంటే చట్టం కాపాడే పాత చోటు, అని రాసిపెట్టారు. అలా రాసిన చోట హిస్టారిక్ ఇంగ్లండ్ (ఇలాంటి పాత చోట్లని చూసుకునే ప్రభుత్వ సంస్థ) వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా డిటెక్టర్ వాడితే నేరం, 1979 చట్టం, నువ్వు పార తీయకపోయినా సరే. రైతు మా ఫ్రెండ్ వాళ్ల నాన్నే, ఒప్పుకున్నాడు అంటున్నావు, ఆయన పొలం ఆయనదే కానీ ఈ అనుమతి ఇవ్వడం ఆయన చేతిలో లేదు. పాపం ఆయనకే ఆ విషయం గుర్తుండకపోవచ్చు కూడా. నేషనల్ హెరిటేజ్ లిస్ట్ అని ఆన్‌లైన్‌లో మ్యాప్ ఉంటుంది, అందులో ఆ పొలం వెతుకు, రక్షిత చోటు హద్దు గీత ఎక్కడిదాకా ఉందో చూడు. గీత ఎప్పుడూ కంచె వెంబడే పోతుందనుకోకు, ఒక్కోసారి పొలం మధ్యలోంచి పోతుంది, అందుకే ఫోన్‌లో ఆ మ్యాప్ తీసి పెట్టుకుని నడవాలి.

గీత బయట దున్నే పొలం ఉంటే అక్కడ వెతుక్కో. అసలు నన్నడిగితే అదే మంచి చోటు కూడా. ఊళ్లో వాళ్లు ఎరువు తోలేటప్పుడు ఇంట్లోని చెత్త కూడా దాంతోపాటే పొలాల్లోకి పోయేది, సంతకెళ్లి వచ్చేటప్పుడు పారేసుకున్నవీ అక్కడే. నాణేలు, బెల్టు బకిల్స్, సీసపు తూనికరాళ్లు ఊరి చుట్టూ పొలాల్లోనే దొరుకుతాయి. ఎన్నడూ దున్నని పచ్చికని మాత్రం ముట్టుకోకు, చట్టం అడ్డం రాకపోయినా సరే, ఎందుకంటే దాని కింద అన్నీ వదిలిన చోటే ఉంటాయి. దున్నిన పొలంలో ఎటూ నాగలి కలిపేసింది, నాగలి లోతు దాటి తవ్వకపోతే నువ్వు కొత్తగా పాడుచేసేదేం లేదు. కోత అయ్యాక కొయ్యకాళ్లు ఉన్నప్పుడు గానీ, దున్ని విత్తనం వెయ్యకముందు గానీ వెళ్తానని రైతుకి చెప్పు. దొరికినదాంట్లో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి, మొహమాటపడకు, తర్వాత మాటలు పడేకంటే నయం. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో చేరు, మెంబర్‌షిప్‌తోపాటు ఇన్సూరెన్స్ వస్తుంది, అది చూపిస్తే రైతులకి కూడా కాస్త ధైర్యం.

ఇక మెషీన్. కొత్త మెషీన్ భాష రాకుండా పాత చోటుకి పోతే నీకు వినపడేదంతా గోల. పాత ఊరి దగ్గర నేలంతా ఇనుప మేకులే, ఒక్కో అడుగుకీ గుర్రుమంటుంది. అందుకే ముందు మీ పెరట్లో నేర్చుకో. నాణేలు పాతిపెట్టి టెస్ట్ చెయ్, కానీ ఇప్పటి చిల్లర పాతకు, 1992 తర్వాత పెన్నీలు రాగిపూత వేసిన ఉక్కు, 2012 నుంచి అయిదు, పది పెన్నీలు కూడా ఉక్కే, మెషీన్‌కి అవి ఇనుములాగే వినపడి నిన్ను తప్పుదారి పట్టిస్తాయి. 1920కి ముందువి పాత సిక్స్‌పెన్స్‌లు (ఆరు పెన్నీల నాణేలు) ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి, అసలు వెండి, అవి రెండు కొని ఒకటి నాలుగు అంగుళాల్లో, ఒకటి ఆరు అంగుళాల్లో పెట్టు. పక్కనే ఒక తుప్పు మేకు, ఒక కూల్‌డ్రింక్ డబ్బా రింగు కూడా పాతు. రింగు మోత, సన్నటి బంగారం మోత దాదాపు ఒక్కలాగే ఉంటాయి, ఆ బాధ ఈ హాబీలో అందరికీ ఉన్నదే, బంగారం కావాలంటే రింగులు తవ్వాల్సిందే.

సెన్సిటివిటీ ఫుల్‌కి పెట్టేస్తే ఎక్కువ దొరుకుతాయనుకుంటారు కొత్తవాళ్లంతా. కరెంటు తీగల కింద, జేబులో ఫోన్ ఉన్నప్పుడు ఫుల్‌కి పెడితే మెషీన్ ఊరికే కీచుకీచుమంటుంది, మోత ఆగేదాకా తగ్గించు. గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలకి తగ్గట్టు మెషీన్‌ని సర్దడం, పొలం మారినప్పుడల్లా చెయ్. డిస్క్రిమినేషన్‌తో (వద్దనుకున్న లోహం మోత ఆపేసే సెట్టింగు) ఇనుమంతా నొక్కేయకు, మేకు పక్కనే ఉన్న వెండి నాణెం కూడా దాంతోపాటు మాయమైపోతుంది, పైగా అప్పటి నాణేలు కాగితంలా పల్చగా ఉంటాయి, పదమూడో శతాబ్దం చివరిదాకా చిల్లర కోసం పెన్నీని సగానికీ పావుకీ కత్తిరించేసేవాళ్లు కూడా, ఆ పావు ముక్క మోత ఎంత చిన్నగా ఉంటుందో నువ్వే ఆలోచించు. కాయిల్ (మెషీన్ కింద ఉండే పళ్లెంలాంటిది) నేలకి ఆనీ ఆననట్టు ఉండాలి, చివర్లో పైకి లేపకూడదు, కళ్లాపి చల్లినట్టు విసురుతారు కొంతమంది. మెల్లగా నడువు. ఒక మోత వస్తే అడ్డంగా తిరిగి ఇంకో వైపునుంచి కూడా విను, రెండు వైపులా ఒకేలా మోగితే తవ్వు, ఒకవైపే మోగితే చాలాసార్లు వంగిన మేకే.

తవ్వేటప్పుడు మట్టి ఒక గుడ్డ మీద వేసుకో, పిన్‌పాయింటర్‌తో (చేత్తో పట్టుకునే చిన్న డిటెక్టర్) వెతుకు, గుంట మళ్లీ చూసి పూడ్చెయ్. గేటు ఎలా ఉంటే అలా వదిలి రా. బాంబులా, గుండులా ఏదైనా కనిపిస్తే, యుద్ధకాలంనాటివి ఇక్కడ ఇంకా బయటపడుతూనే ఉంటాయి, ముట్టుకోకుండా దూరం జరిగి 999కి ఫోన్ చెయ్, వీడియో తీస్తూ నిలబడకు.

ఇప్పుడు అసలు సంగతి. దొరికిన వస్తువు కంటే దొరికిన చోటు ఖరీదెక్కువ. మన బాస్‌వర్త్ యుద్ధమే చూడు, 1485లో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ చచ్చిపోయిన చోటు ఆంబియన్ హిల్ అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత డిటెక్టర్లతో ఓపిగ్గా పొలాలన్నీ వరసగా నడిచి, 30కి పైగా సీసపు గుండ్లు ఒక్కోటి ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుంటూ పోతే, 2009కి తేలింది యుద్ధం జరిగింది అక్కడికి దాదాపు రెండు మైళ్ల అవతల అని. అక్కడే రిచర్డ్ గుర్తయిన అడవిపంది బొమ్మ, వెండిది, బంగారుపూతది, బయటపడింది. ఎవడో ఒక్కడు ఆ గుండ్లు ఏరుకుని డబ్బాలో వేసుకుని ఇంటికి పోయుంటే అవి ఉత్త సీసం. కాబట్టి ప్రతి వస్తువుకీ ఒక చిన్న కవరు, దాని మీద నంబరు, ఫోన్‌లో లొకేషన్, అప్పటికప్పుడే. ఇంటికెళ్లి రాద్దాంలే అనుకుంటే రాయవు, నీ సంగతి నాకు తెలుసు. నాణేన్ని రుద్ది కడగకు, నిమ్మకాయ అసలే వద్దు.

నిజంగా నిధే తగిలితే, అంటే ఒకటి తర్వాత ఒకటి నాణేలు వస్తూనే ఉంటే, ఆపెయ్. 1992లో సఫోక్‌లో హాక్సన్ (Hoxne) అనే ఊళ్లో ఒకాయన రైతు పారేసుకున్న సుత్తి వెతుకుతుంటే రోమన్ల బంగారం తగిలింది, కొంచెం తీసి వెంటనే ఆపేసి కబురు చేశాడు, మర్నాడే ఆర్కియాలజిస్టులు వచ్చి పద్ధతిగా తీశారు, దాదాపు 15,000 నాణేలు, చెంచాలు, నగలు, అన్నీ ఉన్న పెట్టె ఎలా సర్దారో కూడా తెలిసింది. 17.5 లక్షల పౌండ్లు ఇచ్చారు ఆయనకి, రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అది కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. అదే 2015లో లెమ్‌స్టర్ అనే ఊరి దగ్గర వైకింగ్‌ల కాలం నాటి నిధి దొరికిన ఇద్దరు చెప్పకుండా అమ్ముకోబోయారు, 2019లో కోర్టు ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఎనిమిదిన్నరేళ్లు వేసింది, తర్వాత అప్పీల్‌లో తగ్గించారు. 300 నాణేల దాకా ఉంటాయనుకున్నవాటిలో అప్పటికి దొరికినవి 31.

1996 ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటి పదోవంతు బంగారమో వెండో ఉన్న వస్తువు ఒక్కటైనా, నాణేలైతే ఒకేచోట రెండైనా, 14 రోజుల్లోపు చెప్పాలి. 2023 నుంచి 200 ఏళ్లు దాటిన చాలా ముఖ్యమైనవి, ఏ లోహమైనా, కూడా కలిపారు. ఇదంతా గుర్తుపెట్టుకోవడం కష్టమైతే జిల్లాకి ఫైండ్స్ లైజన్ ఆఫీసర్ అని ఉంటారు, వాళ్లకి మెయిల్ పెట్టు, మామూలు బకిల్ అయినా చూపించు, రికార్డ్ చేసి తిరిగిచ్చేస్తారు. స్కాట్లండ్‌లో రూల్స్ వేరు, అక్కడికి ట్రిప్ వేస్తే మళ్లీ అడుగు.

చివర్లో రాశావు, సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు కొండవీడు కోట దగ్గర కూడా ట్రై చేస్తానని. అది మాత్రం మర్చిపో. మన దగ్గర 1878 నాటి చట్టమే ఇంకా ఉంది, పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వకం కుదరదు, పాత వస్తువు దేశం దాటిస్తే 1972 చట్టం కింద కేసు. చట్టం సంగతి అటుంచు, లంకెబిందెలని నమ్మి పాత గుళ్లలో నందులు పగలగొట్టి, గర్భగుడి కింద తవ్విన ముఠాల వార్తలు నువ్వూ చదివే ఉంటావు, కోట దగ్గర చీకటి పడుతుండగా డిటెక్టర్‌తో తిరిగేవాణ్ని చూసి ఊరోళ్లు హాబీ అనుకోరు, ముందు చెట్టుకి కట్టేసి తర్వాత పోలీసులకి ఫోన్ చేస్తారు. మీ అమ్మకి ఎవరు సమాధానం చెప్తారు? మెషీన్ లీసెస్టర్‌లోనే వదిలి వెళ్లు.

మ్యాప్ చూశాక గీత ఎటు పోయిందో స్క్రీన్‌షాట్ పంపు, దున్నే పొలం ఏదో నేను కూడా చూస్తా.

మావయ్య